‘మస్తు’ – ఒక నిత్యవ్యవహార విశేషణము: జుక్కల్ ప్రాంత వ్యవహారమును బట్టి అర్థవిచారము

జనుల నాలుకపై నెల్లవేళల నాడుచు, పండితుల విచారణకు మాత్రము దూరముగా నుండు పదములు ప్రతి భాషయందును కొన్ని కలవు. తెలంగాణమున ‘మస్తు’ అట్టి పదము. అది పసిబాలుర మాటలలో నున్నది. సంతలలో, పొలములలో, పెండ్లిపందిళ్లలో నున్నది. దీని యర్థ మేమని యడిగినచో ‘చాల’ అని యెవ్వరైనను జెప్పుదురు. ఈ యుత్తరము తప్పు కాదు, కాని చాలదు. చాలని యుత్తరము వలన గలుగు హాని యెట్టిదో ముందుగా నొక యుదాహరణముచే జూపి, పిదప విషయములోనికి బోవుదును.

జుక్కల్ ప్రాంతమున నొక పాఠశాలలో విద్యార్థుల వ్యాసపుస్తకములను జూచు నవకాశ మీ వ్యాసకర్తకు గలిగినది. ఊరి జాతరను గూర్చి వ్రాయుచు నొక బాలుడు ‘మస్తు మంది వచ్చినారు’ అని వ్రాసెను. దిద్దినవారు ‘మస్తు’ను ఎఱ్ఱసిరాతో గొట్టివైచి ‘చాలా’ అని పైన వ్రాసిరి. అదే పుటలో గ్రింద ‘భజన పాట మస్తున్నది’ అను వాక్య ముండెను. అచ్చటను ‘మస్తు’ తొలగి ‘చాలా’ చేరినది. వాక్యము ‘భజన పాట చాలా ఉన్నది’ అయినది. మొదటి దిద్దుబాటు అర్థమును జెఱుపలేదు. రెండవది చెఱిచినది. పాట బాగున్నదని బాలుడు మెచ్చుకొనగా, పాట మిక్కుటముగా నున్నదని దిద్దుబాటు విసుగుకొనినట్లయినది. ఇందు తప్పు బాలునిది కాదు. ఒక పదమున కొకే యర్థ ముండునను మన నమ్మికది.

కావున ఈ వ్యాసమున మూడు ప్రశ్నలను విచారింతును. ‘మస్తు’నకు గల యర్థము లెన్ని? వినువాడు వానిని ఏ యాధారముచే వేఱుపఱచుకొనుచున్నాడు? ఆ యర్థములు ఒకదానినుండి యొకటి పుట్టినవా, లేక ఒకే మూలమునుండి వేఱువేఱుగా జీలినవా?

పదమును బరిశీలించుటకు జుక్కల్ ను గైకొనుటకు గారణము కలదు. ఇది నేడు కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ రెవెన్యూ విభాగమున నున్నది. ఒకవైపు మహారాష్ట్రము, మఱియొకవైపు కర్ణాటకము దీనికి జేరువ. కౌలాసు కోట యీ మండలములోనిదే. 1956 వఱకు జుక్కల్ సర్కిలు హైదరాబాదు రాష్ట్రమునందలి నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలో నుండెను. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినపుడు జుక్కల్, బిచ్కుంద సర్కిళ్లు దెగ్లూరునుండి విడివడి ఆంధ్రప్రదేశమున జేరినవి. తక్కిన దెగ్లూరు బొంబాయి రాష్ట్రమునకు బోయెను. తరువాత నిజామాబాదు జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11న నూతనముగా నేర్పడిన కామారెడ్డి జిల్లాలోనికి వచ్చినది. రాష్ట్రపు సరిహద్దు ఒక దినమున మాఱవచ్చును. సంతకు బోవు దారియు, చుట్టఱికములును ఒక దినమున మాఱవు. అందుచే నిచ్చట తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ నాలుగును ఒకదాని నొకటి వినుచునే యున్నవి. ‘మస్తు’ ఈ నాలుగింటను గల పదము. ఒకే ధ్వని గల మాట నాలుగు భాషలలో నాలుగు విధముల బనిచేయుట నిట్టిచోట స్పష్టముగా జూడవచ్చును.

ఇక ప్రయోగములు. వ్యవహారమునుండి యేరి వానిని ఐదు తెఱగులుగా విభజింపవచ్చును.

మొదటిది, సంఖ్యాబోధకము. ‘మస్తు మంది ఒచ్చిన్రు’, ‘మస్తు పైసలైనయి’. ఇచ్చట విశేష్యము లెక్కింపదగినది. అర్థము ‘అనేక’ లేక ‘పెక్కు’.

రెండవది, పరిమాణబోధకము. ‘మస్తు అన్నం మిగిలింది’, ‘మస్తు దూరమున్నది’. విశేష్యము కొలువదగినది, అర్థము ‘అధిక’.

మూడవది, విశేషణమునకు విశేషణము. ‘మస్తు మంచిగున్నది’, ‘మస్తు పెద్ద చెఱువు’. ఇచ్చట గుణముయొక్క తరతమభావము చెప్పబడుచున్నది.

నాలుగవది, క్రియావిశేషణము. ‘ఆడు మస్తు నవ్విండు’, ‘మస్తు తిరిగినం’. పూర్వభాషలో ‘మిక్కిలి’ యనునది చేయు పనినే యిది చేయుచున్నది. ‘మస్తుగ’ అను రూపమును గలదు.

ఐదవది, ప్రశంసాబోధకము. ‘పాట మస్తున్నది’, ‘చీర మస్తున్నది’. ఇచ్చట ‘మస్తు’ విశేష్యమునకు ముందు గాక, ‘ఉన్నది’ యను క్రియకు ముందు విధేయముగా నిలిచి, ‘బాగు, ఇంపు’ అను నర్థము నిచ్చుచున్నది.

మొదటి నాలుగును ఒక కుటుంబము, ఐదవది వేఱు. మన పాఠశాలలోని దిద్దుబాటు మొదటి కుటుంబమునకు సరిపోయి ఐదవదాని యొద్ద దప్పిన హేతు విదియే. ఐనను విధేయస్థానమున నున్న ప్రతి ‘మస్తు’ను ప్రశంసాబోధకమే యనుటకు వీలు లేదు. ‘నొప్పి మస్తున్నది’ అన్నచో నెవ్వరును నొప్పిని మెచ్చుకొనుట లేదు. ‘చెర్ల నీళ్లు మస్తున్నయి’ అన్నచో నీటి సమృద్ధియే తోచును. కావున నిర్ణాయకము స్థానము మాత్రమే కాదు. కర్తృపదముయొక్క స్వభావమును గూడ. కొలువదగిన వస్తువైనచో బరిమాణము, అనుభవించి యానందింపదగినదైనచో బ్రశంస స్ఫురించును. రెండు లక్షణములును గల వస్తువు వచ్చినచోట సందేహము పుట్టును. ‘కూర మస్తున్నది’ అను వాక్యమే యిందులకు దార్కాణము. వంటింటినుండి వచ్చి పలికినచో గిన్నెనిండ నున్నదని. ముద్ద నోట బెట్టుకొని పలికినచో రుచిగా నున్నదని. వ్యాకరణ మిచ్చట నర్థమును నిర్ణయింపజాలదు, సందర్భమే నిర్ణయించును. మన యాలంకారికులు నానార్థపదముల విషయమున సంయోగము, ప్రకరణము మొదలగువానిని నియామకములుగా జెప్పిరి. ఆ విచారము కావ్యభాషకే పరిమితము గాదనుటకు కూరగిన్నె చాలిన సాక్ష్యము.

పదముయొక్క హద్దులను దెలిసికొనుటకు అది యెచ్చట రాదో చూడవలెను. పరిశోధక విద్యార్థులు తఱచుగా నుపేక్షించు భాగ మిది. ‘చాల’కు బదులుగా ‘మస్తు’ అన్ని చోట్లను నిలువదు. ‘ఎక్కువ మంది రాలేదు’ అన్నచో వచ్చినవారు కొలదియని యర్థము. ‘మస్తు మంది రాలేదు’ అన్నచో రానివారు పెక్కుమంది యని తోచును. అనగా ‘మస్తు’ వ్యతిరేకక్రియతో గూడినను ఆ నిషేధము దానిని దాకదు. తన నిండుదనమును అది వదలుకొనదు. ప్రశంసాబోధకముగా నున్నపుడును అంతే: నచ్చని పాటను ‘మంచిగ లేదు’ అందురు గాని ‘మస్తు లేదు’ అనుట యరుదు. పోల్చి చెప్పునపుడును ‘దానికంటె ఎక్కువ’ అందురే కాని ‘దానికంటె మస్తు’ అనరు. కొలతకు లోబడునది ‘ఎక్కువ’. కొలతను మఱపించునది ‘మస్తు’. ఇది పరిమాణమును మాత్రమే గాక పరిమాణమును జూచిన వక్త మనస్సును గూడ దెలుపుచున్నది. అందుచేతనే వ్యంగ్యమునకును బనికివచ్చుచున్నది. ‘మస్తు చెప్పినవ్ తియ్యి’ అన్నచో మెప్పు గాదు, ఎత్తిపొడుపు.

ఇట్టి హద్దు లేల యేర్పడినవి? దీనికి సమాధానము పదముయొక్క జన్మమున గలదు. ‘మస్తు’ పారసీకమునందలి ‘మస్త్’ నుండి యుర్దూ మూలమున వచ్చినది. జోరు, షోకు, బజారు మొదలగువానియందు వలెనే హల్లుపై ఉకారము చేరి తెలుగు పదమైనది. పారసీకమున దీనికి ‘మత్తిల్లినవాడు’ అని యర్థము. మధుపానముచే మత్తిల్లినవానికిని, భగవత్ప్రేమచే మైమఱచిన సూఫీ సాధకునకును ఈ పదమే. గుంటూరున గాలే మస్తాన్ వలీ దర్గా ప్రసిద్ధము. ఆ ప్రాంతములందును నెల్లూరివైపునను మస్తానయ్య, మస్తానమ్మ అను పేర్లు హిందువులలోను గలవు. మదపుటేనుగుయొక్క స్థితిని జెప్పుటకు ఆంగ్లేయులును ఈ పదమునే హిందూస్థానీనుండి గైకొనిరి.

ఇచ్చట నొక విశేషము గమనింపదగినది. సంస్కృతమున ‘మద్’ ధాతువునకు ‘క్త’ ప్రత్యయము చేరగా ‘మత్త’ యైనది. ఇరానీయ భాషలలో దంత్యముపై దంత్యము చేరినపుడు మొదటిది సకార మగును. కావున అదే ధాతువునకు అదే ప్రత్యయము చేరి ‘మస్త’ యైనది. ఈ సూత్రమునకు మఱియొక యుదాహరణము మన నిత్యవ్యవహారముననే కలదు. సంస్కృతమున ‘బద్ధ’, పారసీకమున ‘బస్త’. కట్టబడినది గనుక ‘బస్తా’. ‘బందోబస్తు’లోని రెండవ భాగమును అదే. బద్ధమునకు బస్తా యెట్టిదో మత్తమునకు మస్తు అట్టిది. ‘మత్తు’ అను మన పదము సంస్కృతము వైపునుండి, ‘మస్తు’ పారసీకము వైపునుండి వచ్చి, వేలయేండ్ల యెడబాటు పిదప తెలుగింట గలిసికొనిన యక్కచెల్లెండ్రు. ఐతే ఒక హెచ్చరిక యవసరము. సంస్కృతమున ‘మస్తు’ అను వేఱొక పదము గలదు. ఆయుర్వేదమున బెరుగుమీది తేటకు అది పేరు. ధ్వనిసామ్యమును జూచి దానిని మన విశేషణమునకు మూల మనుట పొరపాటు. రూపము కలసినను అర్థమార్గము కలియనిచో వ్యుత్పత్తి నిలువదు.

ఇక నిరుగుపొరుగు భాషలు. మరాఠీలో ‘మస్త్’ నేడు ప్రధానముగా బ్రశంసాబోధకము. పరిమాణమునకు వారికి ‘ఖూప్’, ‘పుష్కళ్’ అను పదములు గలవు. కావున దెగ్లూరివాడు కూరను ‘మస్త్’ అన్నచో రుచినే మెచ్చుకొనుచున్నాడు. జుక్కల్ వాడన్నచో మనము గిన్నెవైపు గూడ జూడవలెను. ఉత్తర కర్ణాటకపు కన్నడమునను ‘మస్త్’ మెప్పుదలగా బహుళముగా వినబడును. ఉర్దూ, హిందీలలో మూలార్థమైన ‘మత్తిల్లిన, నిశ్చింతమైన’ అనునది యిప్పటికిని సజీవము. జుక్కల్ తెలుగున మాత్ర మీ మూలార్థము దాదాపుగా మాసినది. త్రాగినవానిని ‘మత్తులున్నడు’ అందురు గాని ‘మస్తున్నడు’ అనరు. చెల్లెలు వచ్చినను అక్క తన గదిని వదలలేదు. కావున చెల్లెలు వేఱు గదిని వెదకుకొనవలసి వచ్చినది.

‘పెక్కు’ అను నర్థము తెలంగాణమున గలుగుటకు నిజాము కాలపు ఉర్దూ యధికారభాషయే కారణమని కొందఱు తలచుట కలదు. పదము వ్యాప్తి జెందుటకు అది తోడ్పడియుండవచ్చును. అర్థపరిణామమునకు మాత్రము అదియే కారణ మనజాలము. ఏలయన, పడమటి సముద్రతీరమున దుళు భాషలోను, గౌడసారస్వతుల కొంకణిలోను ‘మస్త్’ అనగా ‘చాల, పెక్కు’ అనియే యర్థము. తుళునాడు నిజాము పాలన నెఱుగదు. దూరదూరమున నున్న భాషలలో నొకే పరిణామము కనబడినపుడు, దానికి బీజము పదములోనే యుండెనని యూహించుట న్యాయము.

ఆ బీజ మేది? రెండు మార్గములు తోచును. మత్తునుండి సంతోషము, సంతోషమునుండి మెప్పు, మెప్పునుండి ఆధిక్యము పుట్టెనని యొక మార్గము. దీనికి బ్రపంచభాషలలో సామ్యము లేకపోలేదు. దక్షిణ చీనాలోను హాంగ్‌కాంగునందును వ్యవహరింపబడు కాంటనీసు భాషలో ‘హోఉ’ అను నిత్యవ్యవహార విశేషణము ‘మంచి’ యను నర్థ మిచ్చుచునే, మఱియొక విశేషణమునకు ముందు నిలిచినపుడు ‘చాల’ యను నర్థము నిచ్చును. మన ‘మంచి’యు ‘మంచి ఎండ’, ‘మంచి నిద్ర’ అను చోట్ల నట్లే యాధిక్యమును దెలుపును. కాని యీ సామ్యము నొక యడుగు ముందునకు గొనిపోయినచో దెగిపోవుచున్నది. ‘మంచి’ తీవ్రతను జెప్పునే కాని సంఖ్యను జెప్పదు. ‘మంచి మంది వచ్చినారు’ అన్నచో జనబాహుళ్యము తోపదు. కాంటనీసులోను జనులు పెక్కుమంది యనవలెనన్నచో ‘హోఉ’ ఒక్కటి చాలదు. దాని వెనుక ‘అనేక’ యను నర్థముగల వేఱొక పదము ఉండవలసినదే. మెప్పునుండి తీవ్రత పుట్టును గాని లెక్క పుట్టదన్నమాట. ‘మస్తు మంది’ యను ప్రయోగమునకు ఈ మార్గము సరిపోదు.

రెండవ మార్గ మిది. మత్తిల్లినవాడు హద్దు దాటినవాడు. మదించిన యేనుగు పొంగిపొరలు బలము గలది. ఈ ‘హద్దు దాటుట, పొంగిపొరలుట’ యను భావమే బీజము. దీనినుండి యొక కొమ్మ యానందమువైపు బోయి మెప్పైనది. మఱియొక కొమ్మ సమృద్ధివైపు బోయి ‘పెక్కు, అధిక’ యైనది. ఈ రెండవ కొమ్మనుండియే ‘మస్తు మంచి’, ‘మస్తు నవ్వుట’ యను ప్రయోగములు చిగిర్చినవి. మరాఠీలో మొదటి కొమ్మ బలిసినది, తుళులో రెండవది. తెలంగాణమున రెండును బలిసినవి. ఈ యూహ నంగీకరించినచో ముందు చెప్పిన హద్దులకును హేతువు దొరకును. పొంగునది కనుక నిషేధమునకు లోబడదు. హద్దు దాటినది కనుక బోలికకు లొంగదు.

ఇట్టి పరిణామము తెలుగునకు గ్రొత్త గాదు. ‘చాల’ యనునది ‘చాలు’ ధాతువుయొక్క తుమున్నర్థక రూపము; సరిపోవునంత యనుట పోయి మిక్కిలి యైనది. ‘ఎక్కువ’ ఎక్కుటనుండి, ‘మిక్కిలి’ మించుటకు జెందిన ధాతువునుండి, ‘తెగ నవ్వెను’ అనునపుడు ‘తెగ’ తెగుటనుండి వచ్చినవి. ఆంగ్లమున ‘వెరీ’ యను పదము ‘సత్యమైన’ యను నర్థముగల పాత ఫ్రెంచి పదమునుండి పుట్టినది. ఆధిక్యమును జెప్పు మాటలు వాడుకచే నఱిగి పదును గోల్పోవును. జనులు నూతనమైన పదునుగల మాటను వెదకుదురు. ‘చాల’ అఱిగినచోట ‘మస్తు’ వచ్చి నిలిచినది.

ఇంతటి వ్యాపారము గల పదమును మన శాస్త్రము లేల విచారింపలేదు? చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) దెలుగు పదములు తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములని నాలుగు తెఱగులు. ఈ నాలుగింట ‘మస్తు’నకు గౌరవప్రదమైన పీఠము లేదు, గ్రామ్యమున ద్రోయుటయో, అన్యదేశ్య మని వెలుపల నిలుపుటయో శరణ్యము. బ్రౌను 1854లో మిశ్రభాషాపదములకు బ్రత్యేకముగ నొక నిఘంటువును గూర్చి మేలు చేసెను. కాని వేఱు సంపుటమున నుండుటచే నవి వేఱు భాషవే యను తలంపునకును దావు గలిగెను. శబ్దరత్నాకరము (1885) ప్రధానముగా గావ్యప్రయోగముల నాశ్రయించినది. దీనివలన ఆ మహనీయుల కృషికి లోపము లేదు. వారు తలపెట్టినది కావ్యభాష. మన ముందున్నది జీవభాష. వ్యవహారమునుండి పదములను సేకరించు పద్ధతికి భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశము (వ్యవసాయ పదములు, 1962) మార్గదర్శక మైనది. నలిమెల భాస్కరుగారి తెలంగాణ పదకోశ మీ ప్రాంతపు బలుకుబడిని గ్రంథస్థము గావించినది. ఐనను వృత్తిపదములకును అపూర్వపదములకును లభించిన శ్రద్ధ, అందఱు నెఱిగిన పదములకు లభింపలేదు. అందఱికి దెలిసిన దానిని వివరింపనేల యను నుపేక్షయే యిందులకు గారణము.

ఇక నొక యాక్షేపమును విచారింపవలెను. ‘ఇది పరభాషాపదము, కావున బాఠశాలలో దీనిని దిద్దుట న్యాయమే’ యని కొందఱందురు. దీనికి బ్రతిగా ‘ఇది మత్తశబ్దమునకు సోదరము, కావున మనదే’ యని పై వ్యుత్పత్తిని జూపి వాదింప బుద్ధి పుట్టును. ఈ వ్యాసకర్త ఆ వాదమును గైకొనడు. అది యింపైనదే కాని యుక్తము గాదు. వంశవృక్షమును జూపి పదమునకు బ్రవేశ మిచ్చినచో, వంశము దెలియని పదములను వెడలగొట్టవలసి వచ్చును. బజారు, బస్తా, తయారు అను పదములకు మన మెన్నడును వంశ మడుగలేదు. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెనుగున రచించిన యయాతిచరిత్రము ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున నమీనుఖానున కంకిత మైనది. అచ్చతెనుగు నాదరించినవాడు పారసీక సంస్కారముగల కొలువువాడు. భాషల చరిత్రము మన గిరిగీతలను లెక్కచేయ లేదనుటకు నింతకంటె నేమి కావలెను? పదము మన దగుటకు మూలము గాదు ప్రమాణము, వ్యాపారము. తెలుగు వాక్యమున దెలుగు సూత్రములకు లోబడి, మఱియే తెలుగు పదమును జేయలేని పనిని జేయుచున్న మాట తెలుగు మాట. ‘కూర మస్తున్నది’ యను రెండు మాటలలో నున్న రెండర్థముల పొంతనను ‘చాల’ చూపలేదు, ‘బాగు’ చూపలేదు.

అట్లని పాఠశాలలో బ్రమాణభాష వల దనుట నా యుద్దేశము గాదు. దరఖాస్తునకును, శాస్త్రగ్రంథమునకును నొక సామాన్యభాష యావశ్యకమే. కాని సామాన్యభాషను నేర్పుటకు బూర్వము బాలుని భాషను దెలిసికొనవలెను. ‘మస్తు మంది’కి ‘చాలమంది’, ‘పాట మస్తున్నది’కి ‘పాట బాగున్నది’ యని రెండు దారులు చూపిన యుపాధ్యాయుడు రెండు భాషలను నేర్పినవాడగును. రెండింటిని ఒకే గీటుతో గొట్టినవాడు రెండింటిని జెఱిచినవాడగును. కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినముగా జరుపుకొనుచున్న మనకు, ఆ పండుగ వేదికమీద గాక దిద్దుబాటు పుస్తకములో దొలుత జరుగవలెనని తోపకపోదు.

పరిశోధక విద్యార్థుల కొక మనవి. సరిహద్దు గ్రామములలో ‘మస్తు’ వంటి పదమును భాషాభాషకు బోల్చి, ఏ నామముతో నే యర్థము, ఏ క్రియతో నే నిషేధము అని పట్టికలు గూర్పదగును. మద్నూరు, బిచ్కుంద, నారాయణఖేడు, జహీరాబాదు ప్రాంతములలో నీ పని చేయుటకు విశేషమైన సాధనములు కావలసిన పని లేదు. వినుట కోర్మియు, విన్నదానిని దిద్దక వ్రాసికొను నిజాయితీయు నున్న జాలును. దండి, శాన, బగ్గ వంటి పదములును ఇట్లే యెదురుచూచుచున్నవి.

ఆ బాలుని పుస్తకము నేడెచ్చట నున్నదో తెలియదు. అతడు తరువాతి వ్యాసములలో ‘మస్తు’ను వ్రాసియుండడు. భజన పాటను మెచ్చుకొనుటయు మానియుండునేమో యనునదే విచారము.